ఊరు కాని ఊరిలో ఆసుపత్రి పాలైతే: ప్రయాణ బీమా ఎందుకు

అరవై ఐదేళ్ల మనిషి. కూతురితో కలిసి పరాయి దేశం చూడ్డానికి వెళ్లి నాలుగు రోజులైంది. పొద్దున్నే హోటల్ బాత్‌రూమ్‌లో తడి నేల మీద కాలు జారి పడ్డారు. లేవబోతే లేవలేకపోయారు. తుంటి ఎముక విరిగింది. అంబులెన్స్ వచ్చి ఆసుపత్రికి చేర్చింది. కౌంటర్ దగ్గర అడిగేవి రెండే: పాస్‌పోర్టు ఏదీ, డబ్బు ఎవరు కడతారు?

ప్రాణం మీదికి వచ్చిన కేసైతే చాలా చోట్ల ముందు వైద్యం మొదలుపెడతారు, లెక్క తర్వాత చూస్తారు. తుంటి విరగడం అంత అత్యవసరం కాదు, అలాగని వాయిదా వేసే ఆపరేషనూ కాదు. ఒకటి రెండు రోజుల్లో చేయాలి. అందుకే ప్రైవేటు ఆసుపత్రులు ముందుగా అడ్వాన్సు కట్టమంటాయి, లేదా 'ఖర్చు మేం చెల్లిస్తాం' అని బీమా కంపెనీ నుంచి హామీ పత్రం తెప్పించమంటాయి. ఆ పత్రం ఉంటే కూతురు మంచం పక్కన కూర్చుంటుంది. లేకపోతే ఫోన్ పట్టుకుని అర్ధరాత్రి బంధువులందరినీ నిద్రలేపుతుంది.

ఆపరేషన్ బిల్లు మొదటిది మాత్రమే. ఎముకలో వేసే ఇంప్లాంటు ఖరీదు వేరు. వారం పది రోజుల వార్డు ఖర్చు వేరు. కూతురు ఉండాలి కాబట్టి హోటల్ గది పొడిగించాలి. తిరుగు టికెట్ల తేదీ దాటిపోతుంది. వీసా గడువు దగ్గరపడితే అదో టెన్షన్. ఇవన్నీ గడిచాక అసలు సమస్య మొదలవుతుంది: ఇంటికి ఎలా చేర్చడం?

తుంటి ఆపరేషన్ అయిన మనిషి పది గంటల పాటు ఎకానమీ సీటులో కూర్చోలేరు. పడుకోబెట్టే తీసుకెళ్లాలంటే మామూలు విమానంలోనే వెనక వరసల్లో సీట్లు మడిచి, వాటి మీద స్ట్రెచర్ బిగించి, చుట్టూ తెర కడతారు. అందుకు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది సీట్ల డబ్బు కట్టాలి. వెంట నర్సో డాక్టరో ఉండాలి, వాళ్ల రానుపోను టికెట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. రోగి విమానం ఎక్కవచ్చని డాక్టరు ఫారం నింపి ఇస్తే, దాన్ని విమాన సంస్థ వైద్య విభాగం చూసి ఒప్పుకోవాలి. అన్ని విమానాల్లో స్ట్రెచర్ బిగించే వీలుండదు, అన్ని సంస్థలూ ఒప్పుకోవు. పరిస్థితి ఇంకా విషమంగా ఉంటే ఎయిర్ అంబులెన్స్ ఒక్కటే దారి. ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి అలా తీసుకురావాలంటే లక్ష డాలర్లు దాటిపోవచ్చు.

ఇంత ఖర్చు ఎందుకంటే, విమానంలో గాలి నేల మీద ఉన్నట్టు ఉండదు. ప్రయాణికుల విమానాల్లో క్యాబిన్ పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉండే స్థాయిలో ఉంటుంది. ఆరోగ్యవంతులకు అది తెలియను కూడా తెలియదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారికి, తలకు గాయమైనవారికి ఆ తేడా ప్రమాదం తేవచ్చు. అలాంటివాళ్ల కోసం ఎయిర్ అంబులెన్స్‌ను తక్కువ ఎత్తులో నడపాల్సి వస్తుంది, లేదా క్యాబిన్ పీడనం నేల మట్టానికి దగ్గరగా ఉంచాల్సి వస్తుంది. దాంతో ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, మధ్యలో దిగాల్సి రావచ్చు. చిన్న విమానంలో ఐసీయూ పరికరాలు, డాక్టరు, నర్సు, ఇద్దరు పైలట్లు ఒక్క రోగి కోసం ప్రయాణిస్తారు.

ప్రయాణ బీమా కొనాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ప్రయాణంలో వచ్చే నష్టాలు రెండు రకాలు. బ్యాగు పోవడం, విమానం ఆరు గంటలు ఆలస్యం కావడం, ఒక రాత్రి హోటల్ డబ్బు వృథా కావడం మొదటి రకం. బాధే, కానీ తట్టుకోగలం. నెల రోజుల్లో మరిచిపోతాం. రెండో రకం నష్టం కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టినదాన్ని వారంలో ఊడ్చేస్తుంది. బీమా ఈ రెండో రకానికి కావాలి. పాలసీలు పోల్చి చూసేటప్పుడు చాలామంది బ్యాగుకు ఎంత ఇస్తారు, ఆలస్యానికి ఎంత ఇస్తారు అని చూసి ప్రీమియం తక్కువున్నది తీసుకుంటారు. వైద్య ఖర్చుల పరిమితి, తరలింపు పరిమితి అసలు. మిగతావన్నీ కొసరు. కొసరు చూసి బేరం కుదుర్చుకుంటే నష్టపోయేది కొన్నవాళ్లే.

"ఇంటి దగ్గర హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా" అన్నది తరచూ వినిపించే మాట. ఆ పాలసీ చాలావరకు దేశ సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ కూడా కొద్దిపాటి మినహాయింపులు తప్ప దేశం బయట వైద్యానికి డబ్బు ఇవ్వదు. యూరోపియన్ యూనియన్ పౌరులకు ఇచ్చే ఆరోగ్య కార్డుతో ఇంకో సభ్య దేశంలోని ప్రభుత్వ వైద్య వ్యవస్థలో చికిత్స దొరుకుతుంది. అయినా స్వదేశానికి తిరిగి తీసుకురావడం ఆ కార్డు పరిధిలో లేదు, ప్రైవేటు ఆసుపత్రి బిల్లు కూడా లేదు. పొరుగున అంత అల్లుకుపోయిన దేశాల మధ్యే ఇలా ఉంటే మిగతా ప్రపంచం సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకొందరు రాయబార కార్యాలయం మీద ఆశ పెట్టుకుంటారు. కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం తమ పౌరులకు సాయం చేయడం కాన్సులేట్ల పనే. ఆ సాయం అంటే కుటుంబానికి కబురు చేరవేయడం, స్థానిక డాక్టర్ల, లాయర్ల వివరాలు ఇవ్వడం, పోయిన పాస్‌పోర్టుకు బదులు అత్యవసర పత్రం ఇవ్వడం లాంటివి. ఆసుపత్రి బిల్లు కట్టడం అందులో మామూలుగా ఉండదు. క్రెడిట్ కార్డుతో వచ్చే ఉచిత బీమాను నమ్ముకునేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి: చాలా కార్డుల్లో టికెట్ ఆ కార్డుతోనే కొంటేనే ఆ రక్షణ మొదలవుతుంది. వైద్య పరిమితి కూడా తరచూ నామమాత్రంగా ఉంటుంది.

మంచి పాలసీలో డబ్బు కన్నా విలువైనది ఒకటుంది. ప్రకటనల్లో దానికి ఒక చిన్న లైను మాత్రమే దక్కుతుంది: 24 గంటల సహాయ నంబరు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే అవతల ఉండేది చాలాసార్లు బీమా కంపెనీ కాదు, అది నియమించుకున్న అసిస్టెన్స్ సంస్థ. ఆ నగరంలో ఏ ఆసుపత్రి మంచిదో, ఏది అక్కర్లేని పరీక్షలతో బిల్లు పెంచుతుందో వాళ్లకు అనుభవం మీద తెలుస్తుంది. వాళ్ల డాక్టరు చికిత్స చేస్తున్న డాక్టరుతో నేరుగా మాట్లాడతాడు. భాష రాకపోతే మధ్యలో అనువాదకుడు ఉంటాడు. హామీ పత్రం పంపేది వాళ్లే, స్ట్రెచర్ సీట్లు మాట్లాడేది వాళ్లే. భాష రాని చోట, రాత్రి రెండు గంటలకు, చేతిలో ఎక్స్‌రే కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ గొంతు ఎంత ధైర్యమో అనుభవించినవాళ్లకే తెలుసు.

చెప్పడానికి కష్టంగా ఉన్నా దాచకూడని విషయం ఇంకొకటి. పరాయి దేశంలో ఎవరైనా చనిపోతే భౌతికకాయాన్ని ఇంటికి తేవడం అంత తేలిక కాదు. మరణ ధ్రువపత్రం కావాలి, ఎంబామింగ్ (శరీరం పాడవకుండా మందులు ఎక్కించడం) చేయించాలి, గాలి చొరబడని శవపేటిక కావాలి, కాన్సులేట్ అనుమతి పత్రాలు కావాలి, విమాన సరుకు రవాణా ఏర్పాట్లు చూడాలి. దుఃఖంలో మునిగిన కుటుంబం భాష రాని ఆఫీసుల చుట్టూ తిరగాలి. చందాలు పోగుచేసి మరీ భౌతికకాయాన్ని తెప్పించుకున్న కుటుంబాలు ఉన్నాయి. మంచి పాలసీల్లో ఈ పని మొత్తం అసిస్టెన్స్ సంస్థే చూసుకుంటుంది.

కొన్ని దేశాలు ఈ నిర్ణయం ప్రయాణికులకు వదిలేయలేదు. షెంగెన్ దేశాలకు, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలకు, వెళ్లడానికి పర్యాటక వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల రక్షణ ఉన్న పాలసీ చూపించాలి. అత్యవసర వైద్యం, ఆసుపత్రి చికిత్స, వైద్య కారణాలతో తిరిగి పంపడం, మరణం అందులోకి రావాలి. క్యూబా 2010 మే నుంచి విదేశీ సందర్శకులకు వైద్య బీమా తప్పనిసరి చేసింది. అయితే ఈ 30,000 అన్నది వీసా కౌంటర్ దాటడానికి సరిపోయే అంకె. ఐసీయూలో రెండు మూడు వారాలు ఉండి, ఆపైన ఎయిర్ అంబులెన్స్‌లో రావాల్సి వస్తే అది చాలదు. వైద్యం బాగా ఖరీదైన దేశాలకు, ముఖ్యంగా అమెరికాకు వెళ్లేటప్పుడు కనీస అర్హత చూసి కొనకుండా అక్కడి బిల్లులు చూసి కొనాలి.

ఇక ట్రిప్ రద్దు సంగతి. గందరగోళమంతా ఇక్కడే. టికెట్లు, హోటళ్లు ముందే కట్టేశాక ఇంట్లో ఎవరికైనా తీవ్రంగా జబ్బు చేస్తే, మరణం సంభవిస్తే, పాలసీ ఆ డబ్బు తిరిగి ఇస్తుంది. కానీ ఏ కారణాలకు ఇస్తుందో జాబితా ఉంటుంది. మనసు మారింది, భయం వేసింది, ఆఫీసులో సెలవు ఇవ్వలేదు అంటే మామూలు పాలసీలో చెల్లదు. కొన్ని దేశాల్లో 'ఏ కారణమైనా సరే' అనే అదనపు రక్షణ అమ్ముతారు. దానికి ప్రీమియం ఎక్కువ, మొదటి బుకింగ్ చేసిన రెండు మూడు వారాల్లోపే కొనాలి, అప్పుడు కూడా కట్టినదాంట్లో సగం నుంచి ముప్పావు వంతు వరకే తిరిగొస్తుంది.

పాలసీలో ఒక్క మాట ఎంత తేడా తెస్తుందో 2010 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చూసింది. ఐస్‌లాండ్‌లో ఎయాఫ్యాట్లయోకుట్ అగ్నిపర్వతం బద్దలై బూడిద యూరప్ ఆకాశాన్ని కమ్మేసింది. సుమారు లక్ష విమానాలు రద్దయ్యాయి, కోటి మంది దాకా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. అప్పటి చాలా పాలసీల్లో 'ప్రతికూల వాతావరణం' అని రాసి ఉంది. అగ్నిపర్వతం బూడిద వాతావరణం కిందికి వస్తుందా రాదా? కొన్ని కంపెనీలు వస్తుందన్నాయి, కొన్ని రాదన్నాయి. ఒకే విమానాశ్రయంలో నేల మీద పక్కపక్కనే పడుకున్న ఇద్దరిలో ఒకరికి డబ్బు వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు. ఆ తర్వాత చాలా కంపెనీలు బూడిద గురించి విడిగా రాయడం మొదలుపెట్టాయి. ప్రయాణికులను ఆదుకునే బాధ్యత విమాన సంస్థలకు అలాంటి సమయంలోనూ ఉంటుందని యూరప్ న్యాయస్థానం 2013లో తేల్చింది. అయినా అది తిండికి, బసకు సంబంధించిన మాటే, అవతలి ఊళ్లో వృథా అయిన హోటల్ బుకింగ్ గురించి కాదు.

2019 సెప్టెంబర్ 23న బ్రిటన్‌లో థామస్ కుక్ అనే పర్యాటక కంపెనీ మూతపడింది. దాదాపు లక్షన్నర మంది బ్రిటిష్ ప్రయాణికులు అప్పటికి విదేశాల్లో ఉన్నారు. అక్కడ ప్యాకేజీ ప్రయాణాలకు ప్రభుత్వ రక్షణ పథకం ఉంది, వాళ్లను ప్రభుత్వమే వెనక్కి తీసుకొచ్చింది. అలాంటి పథకం లేని చోట్ల, లేదా విమానం, హోటల్ విడివిడిగా బుక్ చేసుకున్నప్పుడు, సంస్థ దివాలా తీస్తే డబ్బు రావడం పాలసీలో 'దివాలా' అన్న మాట ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. చాలా వాటిలో ఉండదు. అడిగి చూసుకోవాలి.

2020లో కోవిడ్ నేర్పిన పాఠం ఇంకొకటి. బీమా కొనేనాటికే అందరికీ తెలిసిపోయిన ప్రమాదానికి రక్షణ ఉండదు. తుపానుకు పేరు పెట్టేశాక, సమ్మె తేదీ ప్రకటించేశాక, మహమ్మారి అని ప్రకటించేశాక కొన్న పాలసీ ఆ కారణానికి పనికిరాదు. అందుకే విమానం ఎక్కే ముందురోజు కొనడం కన్నా, టికెట్ కొన్నరోజే కొనడం మంచిది. ప్రీమియంలో పెద్ద తేడా ఉండదు. రద్దు రక్షణ మాత్రం ఆరోజు నుంచే మొదలవుతుంది.

బ్యాగుల విషయంలో ప్రయాణికులకు బీమా లేకపోయినా కొంత హక్కు ఉంది. ఆ సంగతి చాలామందికి తెలియదు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ విమాన ప్రయాణంలో బ్యాగు పోయినా, పాడైనా, ఆలస్యమైనా విమాన సంస్థే బాధ్యత వహించాలి. 2024 డిసెంబర్ 28 నుంచి ఆ బాధ్యతకు గరిష్ఠ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) వాడే లెక్క యూనిట్, ఆ 1,519 కలిపి సుమారు రెండు వేల డాలర్లు. బ్యాగు పాడైతే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విమానాశ్రయం నుంచి బయటికి రాకముందే బ్యాగేజీ కౌంటర్‌లో రిపోర్టు రాయించుకుని దాని నంబరు తీసుకోవాలి. ఆ కాగితం లేకపోతే విమాన సంస్థ నుంచీ రాబట్టడం కష్టం, బీమా నుంచీ కష్టం. అలసిపోయి 'రేపు చూద్దాంలే' అని హోటల్‌కు వెళ్లిపోవడమే చాలా బ్యాగు క్లెయిమ్‌లు వీగిపోవడానికి కారణం.

బీమా కొన్నాక కూడా డబ్బు రాలేదని బాధపడేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ నిజమే. కొన్నిసార్లు తప్పు కంపెనీదే. కానీ ఎక్కువగా గొడవ వచ్చేది నాలుగైదు చోట్లే, వాటిని ముందే చూసుకోవచ్చు. అన్నిటికన్నా పెద్దది పాత జబ్బు. బీపీ, షుగర్, గుండెకు వేసిన స్టెంట్ చెబితే ప్రీమియం పెరుగుతుందని ఫారంలో 'లేదు' అని టిక్ పెడతారు. విదేశంలో గుండెపోటు వచ్చి క్లెయిమ్ పెట్టినప్పుడు కంపెనీ మొదట తెప్పించుకునేది ఇంటి దగ్గరి డాక్టరు రికార్డులే. అక్కడ దొరికిపోతే ఆ క్లెయిమే కాదు, పాలసీ మొత్తం రద్దు కావచ్చు. మందులు మారినా, కొత్త పరీక్షలు చేయించుకున్నా, ఫలితం కోసం ఎదురుచూస్తున్నా అన్నీ చెప్పాలి. పెద్దవాళ్ల కోసం పిల్లలు ఆన్‌లైన్‌లో పాలసీ కొనేటప్పుడు ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే అమ్మానాన్నలు ఏ మాత్రలు వేసుకుంటున్నారో పిల్లలకు పూర్తిగా తెలియదు. అడిగి, మాత్రల చీటీ ముందు పెట్టుకుని నింపాలి.

రెండోది ద్విచక్ర వాహనం. సెలవుల్లో అద్దెకు స్కూటర్ తీసుకుని తిరగడం సరదాగానే ఉంటుంది. ఆ తరగతి వాహనానికి చెల్లే లైసెన్సు లేకపోతే, హెల్మెట్ లేకపోతే, మద్యం తాగి ఉంటే, చాలా పాలసీలు ఆ ప్రమాదానికి పైసా ఇవ్వవు. ఇంటి దగ్గర కారు లైసెన్సు ఉంది కదా అంటే సరిపోదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నా, అసలు లైసెన్సులో మోటార్‌సైకిల్ లేకపోతే పర్మిట్‌లోనూ ఉండదు. అద్దెకిచ్చేవాడు ఇవేవీ అడగడు, అడిగేది క్లెయిమ్ చూసే మనిషే.

కొండలెక్కేవాళ్లు ఎత్తు పరిమితి చూసుకోవాలి. కొన్ని పాలసీల్లో ఫలానా ఎత్తు దాటాక రక్షణ ఉండదు, హెలికాప్టర్‌తో కాపాడే ఖర్చు విడిగా ఉంటుంది. సముద్రంలో డైవింగ్ చేసేవాళ్లు లోతు పరిమితి చూసుకోవాలి. తమ ప్రభుత్వం 'వెళ్లొద్దు' అని హెచ్చరించిన ప్రాంతానికి వెళితే చాలా పాలసీలు అసలు పనిచేయవు. యుద్ధానికి కూడా సాధారణంగా రక్షణ ఉండదు.

అందరికీ ప్రతి ప్రయాణానికీ బీమా కావాలని చెప్పడం నిజాయితీ కాదు. స్వదేశంలోనే రెండు రోజుల ప్రయాణం, హెల్త్ పాలసీ అక్కడా చెల్లుతుంది, టికెట్లూ హోటలూ రద్దు చేస్తే డబ్బు వాపసు వస్తుంది అంటే విడిగా కొనకపోయినా ఫర్వాలేదు. టికెట్ బుక్ చేసేటప్పుడు కింద టిక్ పెట్టి ఉండే ఆ చిన్న బీమాలు కూడా చాలావరకు కొసరు రకమే, వైద్యం తక్కువ, ఆలస్యం ఎక్కువ. దేశం దాటుతున్నా, వెంట పెద్దవాళ్లో పసిపిల్లలో గర్భిణులో ఉన్నా, ఓడ ప్రయాణమైనా, ఆసుపత్రికి దూరంగా ఉన్న అడవికో కొండకో వెళుతున్నా లెక్క మారిపోతుంది. గర్భిణులు ఎన్ని వారాల వరకు రక్షణ ఉందో, ముందే పుట్టిన బిడ్డ వైద్యం అందులోకి వస్తుందో లేదో తప్పకుండా చూడాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పరాయి దేశంలో వారాల తరబడి ఇంక్యుబేటర్ అవసరమైతే ఆ బిల్లు ఊహకందదు.

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే అడ్మిషన్‌కు ముందే, అది కుదరకపోతే 24 గంటల్లోపు సహాయ నంబరుకు ఫోన్ చేయడం మంచిది. ముందు చెప్పకపోతే హామీ పత్రం రాదు, సొంత డబ్బు కట్టి తర్వాత తిరిగి రాబట్టుకోవాలి. దొంగతనమైతే పోలీసు రిపోర్టు కావాలి, అది కూడా చాలా పాలసీల్లో 24 గంటల్లోపే. మందుల బిల్లులు, ట్యాక్సీ రసీదులు ఏవీ పారేయకుండా ఎప్పటికప్పుడు ఫొటో తీసి పంపుకుంటే ఇంటికొచ్చాక వెతుక్కునే బాధ ఉండదు.

ఇంత జాగ్రత్తపడి కొన్న పాలసీ చాలామంది ఫోన్‌లో, ఈమెయిల్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు మొదట పగిలేదీ, పోయేదీ ఆ ఫోనే. అందుకే పాలసీ నంబరు, సహాయ నంబరు దేశం కోడ్‌తో సహా ఒక చిన్న కాగితం మీద రాసి పాస్‌పోర్టు కవర్‌లో పెట్టుకోవాలి. రక్తం గ్రూపు, వాడే మందులు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు కూడా అదే కాగితం మీద ఉండాలి. ఇంకో కాపీ ఇంటి దగ్గర ఉండేవాళ్లకు ఇవ్వాలి. స్పృహలేని మనిషి బట్టల్లో ఆసుపత్రివాళ్లు మొదట వెతికేది పాస్‌పోర్టు కోసమే.